చేసిన హోంవర్క్ ఎటు పోయింది?

ఉదయం ఏడూ యాభై. వీధి మలుపులో స్కూల్ ఆటో హారన్ రెండోసారి మోగింది. ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఐదో తరగతి పిల్లవాడు హాల్లో తిరుగుతున్నాడు. లంచ్ బాక్సు మూత బిగిస్తూ వాళ్లమ్మ అడుగుతోంది: "డైరీ పెట్టుకున్నావా నాన్నా? మ్యాథ్స్ నోట్సు?" "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ"కు అర్థం పెట్టుకున్నానని కాదు, అమ్మ గొంతు వినబడిందని మాత్రమే. ఆటో వెళ్లిపోయాక దుప్పట్లు మడతపెడుతుంటే దిండు కింద దొరుకుతుంది మ్యాథ్స్ నోట్‌బుక్. రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుని, మధ్యలో రెండుసార్లు ఏడ్చి పూర్తిచేసిన పన్నెండు భిన్నాల లెక్కలూ అందులో భద్రంగా ఉన్నాయి. బళ్లో మాత్రం అతని డైరీలో ఎర్ర సిరాతో "హోంవర్క్ నాట్ డన్" అని పడుతుంది.

ఇలాంటి ఉదయం ఏ ఇంట్లోనైనా ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. వారానికి మూడుసార్లు వస్తుంటే, దానికి తోడు రబ్బర్లు, పెన్సిళ్లు, వాటర్ బాటిళ్లు, స్వెట్టర్లు కూడా ఒక్కొక్కటే మాయమవుతుంటే, అప్పుడు ఆలోచించాల్సిన సంగతి వేరే ఉంది. లెక్క రాకపోవడం ఒక సమస్య. చేసిన లెక్క టీచర్ బల్ల మీదికి చేరకపోవడం మరో సమస్య. మొదటిదానికి ట్యూషన్ ఉంది. రెండోదానికి కూడా చాలా ఇళ్లలో ట్యూషనే పెట్టిస్తారు. అక్కడికి తీసుకెళ్లాల్సిన పుస్తకం కూడా ఇంట్లోనే ఉండిపోతుంది.

దృష్టి నిలపడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల చదువును ఏళ్ల తరబడి గమనిస్తున్న అమెరికన్ మనస్తత్వవేత్త జాషువా లాంగ్‌బర్గ్ బృందం ఈ రెండో సమస్యను లెక్కగట్టింది. 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఏడీహెచ్‌డీ ఉన్న మిడిల్ స్కూల్ పిల్లలు తోటివారికంటే సగటున 12 శాతం తక్కువ అసైన్‌మెంట్లు టీచర్లకు అందజేస్తున్నారు. గమనించాల్సిన మాట "అందజేయడం". తప్పుగా చేసినందుకు పోయే మార్కులు కొన్ని, ఇవ్వనందుకు పడే సున్నాలు కొన్ని. ఒక సున్నా పడితే దాన్ని పూడ్చుకోవడానికి ఎన్ని మంచి మార్కులు కావాలో సగటు లెక్క తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

పిల్లల మతిమరుపు కథలు కొత్తవి కావు. 1844లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో హైన్‌రిష్ హాఫ్‌మన్ అనే డాక్టరు మూడేళ్ల కొడుక్కి క్రిస్మస్ కానుకగా బొమ్మల పుస్తకం కొందామని దుకాణాలన్నీ తిరిగాడు. ఒక్కటీ నచ్చలేదు. చివరికి ఖాళీ నోట్‌బుక్ ఒకటి కొని, తనే బొమ్మలు గీసి, పాటలు రాసి ఇచ్చాడు. అదే మరుసటి ఏడాది అచ్చయి, కూర్పు కూర్పుకీ పెరుగుతూ ప్రపంచమంతా తిరిగింది. అందులో భోజనాల బల్ల దగ్గర కుదురుగా కూర్చోలేక టేబుల్ క్లాత్‌తో సహా గిన్నెలన్నీ కింద పడేసే ఫిలిప్ ఉన్నాడు. వైద్య పుస్తకాలు ఎక్కువగా చెప్పుకునేది ఇతని గురించే. హోంవర్క్ విషయానికొస్తే మాత్రం అదే పుస్తకంలోని ఇంకో పిల్లవాడు హాన్స్ మనకు దగ్గరివాడు. ఆకాశం చూసుకుంటూ బడికి నడిచి నడిచి నదిలో పడతాడు. జనం అతన్ని పైకి లాగుతారు. అతని ఎర్రటి బడిసంచీ మాత్రం నీళ్ల మీద తేలుతూ దూరంగా వెళ్లిపోతుంది. నూట డెబ్బై అయిదేళ్లకు పైగా ఆ సంచీ అలా తేలుతూనే ఉంది.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి వరసగా ప్రసంగాలు చేశాడు. నైతిక నిగ్రహం లోపించిందన్నాడాయన. ఆ మాటలోని నింద వదలడానికి చాలా కాలం పట్టింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో "అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్" అన్న పేరు చేర్చింది. 1987లో దానికి "హైపరాక్టివిటీ" కలిసి ఇప్పుడు అందరూ పలికే ఏడీహెచ్‌డీ వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట.

ఆ రోగనిర్ణయ గ్రంథం 2013 నాటి కూర్పులో ఏకాగ్రత లోపానికి తొమ్మిది లక్షణాలు ఇచ్చారు. ఆ పట్టిక చదువుతుంటే పేరెంట్ టీచర్ మీటింగులో పక్కన కూర్చున్నట్టే ఉంటుంది: అజాగ్రత్తగా తప్పులు చేయడం, మొదలుపెట్టింది పూర్తిచేయకపోవడం, పనులూ వస్తువులూ సర్దుకోలేకపోవడం, ఎక్కువసేపు బుర్ర పెట్టాల్సిన పని అంటే తప్పించుకోవడం, అవసరమైన వస్తువులు పారేసుకోవడం, రోజువారీ పనులు మర్చిపోవడం. అయితే పట్టిక చూసి ఇంట్లోనే తీర్పు చెప్పేయకూడదు. పిల్లల్లో తొమ్మిదింటిలో కనీసం ఆరు, ఆర్నెల్లకు తగ్గకుండా, వయసుకు తగని స్థాయిలో ఉండాలి. పన్నెండేళ్లలోపే కొన్ని మొదలై ఉండాలి. బళ్లోనూ ఇంట్లోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. చూపు సరిగా లేకపోయినా, నిద్ర చాలకపోయినా, చదవడంలో డిస్లెక్సియా లాంటి ఇబ్బంది ఉన్నా పైకి ఇలాగే కనిపించవచ్చు. ఇవన్నీ వడపోసి చెప్పాల్సింది పిల్లల డాక్టరు, పిల్లల మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు. పక్కింటివాళ్లు కాదు, యూట్యూబ్ అసలే కాదు.

తెలుగులో ఏకాగ్రతకు ఒక పాత మాట ఉంది: అవధానం. అష్టావధానం చూసినవాళ్లకు ఏడీహెచ్‌డీ గురించి చెప్పడం తేలిక. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, ఒకరు దత్తపది ఇస్తారు, ఇంకొకరు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే అవధాని దృష్టి చెదరగొట్టడం. అన్నిటినీ తట్టుకుని, చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడి చుట్టూ అప్రస్తుత ప్రసంగాలకు కొదవ లేదు. ఫ్యాను కిర్రుమంటుంది, పక్కింట్లో కుక్కర్ కూస్తుంది, కింద ఎవరో సిక్సర్ కొడతారు, వేలికున్న గోరు కూడా మాట్లాడుతుంది. వాటిని పక్కకు నెట్టడం అతనికి కష్టం. ధారణ ఇంకా కష్టం. విన్నదాన్ని కాసేపు బుర్రలో నిలిపి ఉంచుకుని దానితో పని చేసుకునే శక్తిని మనస్తత్వశాస్త్రం వర్కింగ్ మెమరీ అంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది తోటివారికంటే తక్కువ. "సైన్సు రికార్డు తీసుకో, మూడో ప్రశ్న రాయి, బొమ్మ గీసి పెన్సిల్‌తో పేర్లు పెట్టు" అని ఒకే ఊపిరిలో చెబితే రికార్డు తీసుకోవడం దగ్గరే మిగతావి ఆవిరైపోతాయి. పెద్దలకు అది పెంకితనంలా కనిపిస్తుంది.

మెదడు ఎదుగుదల గురించి ఒక ముఖ్యమైన పరిశోధన 2007లో వచ్చింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఫిలిప్ షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లల మెదడు స్కానింగులను, లేని మరో 223 మందివాటితో పోల్చింది. పిల్లలు పెరిగేకొద్దీ మెదడు పైపొర మందమవుతూ ఒక గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత పలచబడుతుంది. మామూలు పిల్లల్లో ఆ పొరలో సగభాగం ఏడున్నరేళ్లకల్లా ఆ గరిష్ఠాన్ని చేరింది. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి పదిన్నరేళ్లు పట్టింది. అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం నుదుటి వెనక ఉండే, ప్రణాళిక వేసుకోవడానికీ ఆగి ఆలోచించడానికీ అవసరమైన ప్రాంతాల్లో. కదలికలను నడిపే ప్రాంతం మాత్రం తోటివారికంటే కాస్త ముందే ఎదిగింది! పిల్లవాడు నిలకడగా ఉండలేకపోవడానికీ సంచీ సర్దుకోలేకపోవడానికీ ఆ స్కానింగులో ఒకేచోట ఆధారం దొరికినట్టుంది.

ఇవి సగటులు. ఏ ఒక్క పిల్లవాడి మెదడుకూ ఇదే క్యాలెండర్ అని కాదు. అయినా ఒక ఇంట్లో పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. పదేళ్ల కొడుకు సంచీ సర్దుకోవడం విషయంలో ఏడేళ్లవాడిలా ఉంటే, ఏడేళ్లవాడికి చేసినంత సాయం చేయడం గారాబం కాదు. "పదేళ్లొచ్చాయి, ఇంకా నేను సర్దాలా" అనే తల్లి విసుగులో తప్పు లేదు, వయసు లెక్కలోనే తప్పుంది. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలు పనిచేసిన రస్సెల్ బార్‌క్లీ ఇంకో ముక్క చెబుతాడు. ఈ పిల్లలకు ఏం చేయాలో తెలుసు, తెలిసినదాన్ని చేయాల్సిన క్షణంలో చేయలేరు. అందుకే సాయం కూడా ఆ క్షణంలో, ఆ చోటే ఉండాలంటాడు. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో కూర్చోబెట్టి చెప్పే నీతులు సోమవారం ఉదయం చెప్పుల స్టాండు దగ్గరికి నడిచి రావు.

కాబట్టి నోట్‌బుక్ వెళ్లే దారినే పట్టుకుని పోదాం. ఎక్కడెక్కడ జారిపడుతోందో చూద్దాం.

మొదటి మలుపు బళ్లోనే ఉంది. ఆఖరి పీరియడ్‌లో, బెల్లు కొట్టే ముందు అయిదు నిమిషాల్లో టీచర్ బోర్డు మీద హోంవర్క్ రాస్తారు. అప్పటికే సగం తరగతి సంచీలు సర్దుతోంది. బోర్డు చూసి, గుర్తుపెట్టుకుని, తల వంచి డైరీలో రాసి, మళ్లీ తలెత్తి వదిలిన చోటు వెతుక్కోవడం ధారణ తక్కువున్నవాడికి నాలుగు పనులు. రెండో వాక్యానికే వదిలేస్తాడు. ఇప్పుడు చాలా స్కూళ్లు హోంవర్కును తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాయి. దానివల్ల అమ్మకు తెలుస్తుంది, నిజమే. అయితే తెలుసుకోవాల్సిన పని పిల్లవాడి చేతుల్లోంచి అమ్మ ఫోన్లోకి మారిపోయింది. ఏడో తరగతికొచ్చినా సాయంత్రం "అమ్మా, నాకేం హోంవర్కుంది?" అని అడుగుతాడు. గ్రూపు ఉండనివ్వొచ్చు, సరిచూసుకోవడానికి. రాయడం మాత్రం డైరీలోనే జరగాలి. పక్క బెంచీ స్నేహితుడు ఒకసారి చూసి సరిచేయడం, టీచర్ బయటికెళ్లే ముందు ఒక చిన్న సంతకం పెట్టడం, ఈ రెండూ కలిపి అర నిమిషం పని. పూర్తి వాక్యాలు కూడా అక్కర్లేదు. "మ్యాథ్స్ 42, 1–6" చాలు.

రెండో మలుపు సంచీ. ఇక్కడ తప్పు పిల్లవాడిది మాత్రమే కాదు. చాలా ప్రైవేటు స్కూళ్లలో ప్రతి సబ్జెక్టుకూ క్లాస్‌వర్క్ నోట్సొకటి, హోంవర్క్ నోట్సొకటి, టెస్టులకింకొకటి. టెక్స్ట్ బుక్కులూ వర్క్ బుక్కులూ కలిపితే పాతిక దాటుతాయి. జూన్‌లో అన్నిటికీ ఒకే బ్రౌన్ షీటు అట్టలు వేసి, ఒకే రకం లేబుళ్లు అంటిస్తారు. చూడ్డానికి ఎంతో క్రమశిక్షణగా ఉంటుంది. వెతుక్కునేవాడికి మాత్రం పాతిక గోధుమరంగు పలకలు. పారేసుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు కావాలని చేసినా కుదరదు. స్కూలు బ్రౌన్ షీటే కావాలంటే, వీపు భాగాన రంగు టేపు ముక్క అంటించడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. లెక్కలకు నీలం, సైన్సుకు ఆకుపచ్చ, తెలుగుకు పసుపు. సంచీలో పుస్తకాలు వీపు పైకి కనిపించేలా పెట్టుకుంటే చదవకుండానే చేయి దానంతటదే వెళ్తుంది.

విడి కాగితాలు అసలు ప్రమాదం. వర్క్ షీట్లు, సర్క్యులర్లు, స్లిప్ టెస్ట్ పేపర్లు సంచీ అడుగున ఉండలుగా చేరి, పగిలిన పెన్ను సిరాలోనూ ఒలికిన పెరుగులోనూ నానుతుంటాయి. లాంగ్‌బర్గ్ తయారుచేసిన శిక్షణలో ఎక్కువ శ్రద్ధ పెట్టింది దీనిమీదే. ఆ పద్ధతిని హోంవర్క్, ఆర్గనైజేషన్, ప్లానింగ్ స్కిల్స్ పేర్లలోని మొదటి అక్షరాలతో హాప్స్ అంటారు. ఇంటి భాషలో చెప్పాలంటే, బటన్ ఉన్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి. లోపల ఎడమ జేబులో చేయాల్సినవి, కుడి జేబులో చేసేసి ఇవ్వాల్సినవి. కాగితం ఏదైనా సరే, నోట్‌బుక్కు మధ్యలోకో నిక్కరు జేబులోకో కాక నేరుగా ఈ ఫైల్లోకే. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. కాకపోతే రోజూ.

మూడో మలుపు ఇల్లు, సాయంత్రం. బడి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే కూర్చోబెడితే పని జరగదు. ఆట అయ్యాక చూద్దామంటే ఆట అవ్వదు. టిఫిను, కాసేపు గెంతులు, తర్వాత రోజూ అదే సమయం, అదే చోటు. ఆ చోటు అందమైన స్టడీ టేబులే కానక్కర్లేదు. వంటింటి గట్టు పక్కన స్టూలైనా సరే, టీవీ కనిపించకుండా, పెద్దవాళ్లు ఒకరు అందుబాటులో ఉండేలా ఉంటే చాలు. కుదురుగా కూర్చోమని పట్టుబట్టడం కూడా అనవసరం. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్క్ రాపోర్ట్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, వర్కింగ్ మెమరీ పరీక్షలప్పుడు ఎక్కువ కదిలిన ఏడీహెచ్‌డీ పిల్లలే మెరుగ్గా చేశారు. ఆ ఇబ్బంది లేని పిల్లలు మాత్రం ఎక్కువ కదిలినప్పుడు తడబడ్డారు. ఎక్కాలు గదిలో పచార్లు చేస్తూ అప్పజెబితే పోయేదేమీ లేదు. నిలబడి రాస్తానంటే రాయనివ్వొచ్చు.

టైమ్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఈ పిల్లల్లో చాలామందికి పది నిమిషాలు ఎంతసేపో ఒంటికి తెలియదు. రాత్రి తొమ్మిదింటికి "నాన్నా, రేపు సోలార్ సిస్టమ్ ప్రాజెక్టు ఇవ్వాలి" అంటాడు. నాన్న థర్మోకోల్ షీటు కోసం షట్టర్ దించుతున్న స్టేషనరీ షాపు దగ్గరికి బండి పరుగెత్తిస్తాడు. ప్రాజెక్టు సంగతి వాడికి పదిరోజుల ముందే తెలుసు. పదిరోజులంటే ఎంతో తెలియదు. అంకెల గడియారం ఇందుకు సాయపడదు. తగ్గుతూ వచ్చేది కంటికి కనిపించాలి: ఇసుక గడియారం, లేదా నిమిషాలు గడిచేకొద్దీ రంగు పళ్లెం కుంచించుకుపోయే టైమరు. ప్రాజెక్టునైతే గోడ క్యాలెండర్ మీద వెనక నుంచి ముందుకు పంచాలి. శుక్రవారం ఇవ్వాలంటే గురువారం రంగులు, బుధవారం అతికించడం, ఆదివారం సామాన్లు కొనడం. ఆ గళ్లు పిల్లవాడే గీయాలి, తప్పు గీసినా సరే.

మొదలుపెట్టడమే కొండంత పని అయినప్పుడు జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన చిట్కా పనికొస్తుంది. "బాగా చదువుకుంటాను" అన్న సంకల్పం కంటే "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను" అన్న ఒప్పందం బలంగా పనిచేస్తుందని ఆయన పరిశోధనల సారాంశం. 2008లో కాటరీనా గావ్‌రిలోతో కలిసి ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మీద కూడా పరీక్షించి చూశాడు. అలాంటి ఒప్పందం ఉన్నప్పుడు వాళ్లు తమను తాము ఆపుకోవడం మెరుగుపడింది. "పాలగ్లాసు సింకులో పెట్టగానే డైరీ తెరుస్తా." పాలగ్లాసు రోజూ ఉంటుంది కాబట్టి డైరీ కూడా గుర్తొస్తుంది.

పని ఎంతసేపు? పిల్లల సంచీల బరువు గురించి 2020లో కేంద్రం తెచ్చిన విధానంలో హోంవర్కుకూ హద్దులున్నాయి. రెండో తరగతి దాకా అసలు వద్దు. మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలు మించకూడదు. ఆరు నుంచి ఎనిమిదికి రోజుకో గంట. ఈ కాగితం మీది గంటలకూ మన డైరీల్లోని గంటలకూ ఉన్న దూరం అందరికీ తెలిసిందే. అరగంట పని ఏడీహెచ్‌డీ పిల్లవాడికి గంటన్నర పడుతుంటే టీచర్‌తో మాట్లాడటం మొహమాటపడాల్సిన విషయం కాదు. పన్నెండు భిన్నాల లెక్కల్లో ఆరు సరిగ్గా చేస్తే భిన్నాలు వచ్చినట్టే. మిగతా ఆరూ పరీక్షించేది ఓపికను.

పనిని పిల్లవాడికి తగ్గట్టు మలచడం మైకేల్ ఫెల్ప్స్ తల్లి డెబీ కూడా చేసింది. ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలతో కలిపి 28 పతకాలు గెలిచిన ఆ ఈతగాడికి తొమ్మిదేళ్ల వయసులో ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. వాడు దేనిమీదా దృష్టి పెట్టలేడని ఒక టీచర్ తేల్చేసింది. డెబీ తనూ టీచరే. చదవడం గిట్టని కొడుక్కి పత్రికలో ఆటల పేజీ ఇచ్చింది. లెక్కల ట్యూటర్‌తో ఈత లెక్కలు ఇప్పించింది: సెకనుకు మూడు మీటర్ల చొప్పున ఈదితే 500 మీటర్లకు ఎంతసేపు? పాఠం అదే, సంఖ్యలూ అవే. మన దగ్గరైతే రన్ రేటు లెక్కలున్నాయి. అవి చేయమని ఏ పిల్లవాణ్ణీ బతిమాలక్కర్లేదు.

ఇక నాలుగో మలుపు. దిండు కింద నోట్‌బుక్ జారిపడింది ఇక్కడే. ఆఖరి లెక్క అవ్వగానే పిల్లవాడి దృష్టిలో పని అయిపోయింది, పుస్తకం అక్కడే. కాబట్టి "అయిపోయింది" అన్న మాటకే అర్థం మార్చాలి. నోట్సు సంచీలోకి, సంచీ జిప్పు వేసి గుమ్మం దగ్గరికి, అప్పుడు అయిపోయినట్టు. టీవీ రిమోట్ ఆ తర్వాతే. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు పైన ఒక ఫొటో అంటించి ఉండాలి. సంచీలో ఉండాల్సినవన్నీ నేలమీద పరిచి తీసిన ఫొటో. చదవాల్సిన జాబితా కంటే చూసి పోల్చుకునే బొమ్మ నయం. ఉదయం ఏడూ యాభైకి ఏ మెదడూ సర్దుళ్లకు సిద్ధంగా ఉండదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఉంటుంది.

ఇక్కడ చాలామంది తండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. మందు వాడుతున్నాం కదా, ఇదంతా ఎందుకు? ఏడీహెచ్‌డీ మందుల చరిత్ర బడి చదువుతోనే మొదలైందని చెప్పొచ్చు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు ముప్పై మంది పిల్లలకు బెంజడ్రిన్ అనే ఉత్తేజకం ఇచ్చి చూశాడు. సగం మంది చదువులో ఒక్కసారిగా మెరుగయ్యారు. ఆ పిల్లలే వాటికి "లెక్కల బిళ్లలు" అని పేరు పెట్టారు. నేటి మందులు ఆ దారిలోవే. చాలామందిలో చంచలత్వాన్ని తగ్గించి, దృష్టి నిలిపే శక్తిని పెంచుతాయి. కానీ 2017లో విలియం పెల్హామ్ బృందం 75 మంది పిల్లలతో చేసిన పరిశోధనలో ఒక వింత బయటపడింది. హోంవర్క్ వరకు చూస్తే, ఎక్కువసేపు పనిచేసే మందు చెప్పుకోదగ్గ తేడా తేలేదు. తల్లిదండ్రులకు హోంవర్క్ నడిపే పద్ధతి నేర్పి, బడినుంచి రోజూ ఒక చిన్న రిపోర్టు కార్డు తెప్పించినప్పుడు మాత్రం పిల్లలు 10 నుంచి 13 శాతం ఎక్కువ ప్రశ్నలు పూర్తిచేశారు. తప్పులూ తగ్గాయి. మందు దృష్టిని నిలపగలదు, ఫైల్లో కుడి జేబు ఎక్కడుందో చెప్పలేదు. అలాగని డాక్టరును అడక్కుండా మందు మానేయమని కాదు. రెండూ చేసే పనులు వేరు.

సర్దుకోవడం నేర్పితే వస్తుందా అన్నదానికి గట్టి జవాబు న్యూయార్క్ నుంచి వచ్చింది. హోవర్డ్ అబికాఫ్, రిచర్డ్ గాలగర్ బృందం మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలు 158 మందిని తీసుకుంది. కొందరికి వస్తువులు, సమయం, ప్రణాళిక చూసుకునే నైపుణ్యాలను నేరుగా నేర్పారు. కొందరి విషయంలో పిల్లలకు పాఠం చెప్పకుండా, అమ్మానాన్నలకూ టీచర్లకూ మెచ్చుకోళ్లు, బహుమతుల పద్ధతి నేర్పారు. మిగతావాళ్లు వేచి ఉన్నారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏదో ఒక సాయం పొందినవారిలో 60 శాతం మంది, సర్దుకోలేనివారి జాబితాలో చేరడానికి పెట్టిన గీటు దాటి బయటికొచ్చారు. వేచి ఉన్నవారిలో అలా బయటపడ్డది 3 శాతం. ఆ శిక్షణలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. మతిమరుపును పిల్లవాడి తప్పుగా కాక, బుర్రలో దూరి అల్లరి చేసే చిన్న చిన్న తుంటరి జీవులుగా చూపిస్తారు. వస్తువులు పారేయించేది ఒకటి, సమయం దొంగిలించేది ఒకటి. పిల్లవాడు వాటిని పట్టుకోవాలి. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాట రోజుకు నాలుగుసార్లు వినే పిల్లవాడికి శత్రువు తను కాదని తెలియడమే సగం బరువు దించుకోవడం.

హాప్స్ పద్ధతిని 280 మంది మిడిల్ స్కూల్ పిల్లల మీద పరీక్షించినప్పుడు, దానికి పోటీగా వేరే కార్యక్రమం కూడా పెట్టారు. అందులో సర్దుకోవడం నేర్పలేదు. బడిలో ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని పిల్లవాడు పని పూర్తిచేసేలా చూశాడు, అంతే. 2018లో ఫలితాలొచ్చాయి. వేచి ఉన్నవారితో పోలిస్తే రెండు గుంపులూ బాగుపడ్డాయి. ఇబ్బందులు తీవ్రంగా ఉన్న పిల్లలకు మాత్రం నైపుణ్యాలు నేర్పిన హాప్స్ ఎక్కువ మేలు చేసింది. తేలిగ్గా ఉన్నవాళ్లకు రోజూ ఒక మనిషి పక్కనుంటే చాలు, పద్ధతి ఏదైనా పెద్ద తేడా లేదన్నమాట. నిజానికి మన ఇళ్లలో పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చదివించే అమ్మమ్మలు చేసిందీ ఇదే.

బహుమతులిస్తే లంచం అలవాటవుతుందేమోనన్న భయం పెద్దలకుంటుంది. ఆ భయానికి శాస్త్రంలో చోటు లేకపోలేదు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన పరిశోధనలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలకు ముందే బహుమతి ఆశ చూపితే తర్వాత ఆ ఇష్టం తగ్గింది. కానీ ఆ పిల్లలకు బొమ్మలంటే ముందే ఇష్టం. సంచీ సర్దుకోవడమంటే ముందే ఇష్టమున్న పదేళ్ల పిల్లవాడు ఎవరైనా ఉన్నారా? ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు వారం తర్వాతి పెద్ద బహుమతి కంటే ఇప్పుడే దొరికే చిన్నది ఎక్కువ. "క్లాసు ఫస్టొస్తే సైకిల్" పనిచేయదు. సంచీ గుమ్మం చేరితే ఒక పాయింటు, ఆ రాత్రే పది నిమిషాలు క్యారమ్స్, ఇది పనిచేస్తుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ పిల్లలున్నవాళ్లకు "504 ప్లాన్" అన్న మాట బాగా తెలుసు. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ కింద బడి, తల్లిదండ్రులు కూర్చుని రాసుకునే ఏర్పాటు అది. ఎక్కువ సమయం, తక్కువ లెక్కలు, ఇంట్లో ఉంచుకోవడానికి రెండో సెట్టు టెక్స్ట్ బుక్కులు. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలున్నాయి, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఇక్కడ చాలా వరకు క్లాస్ టీచర్ మంచితనం మీదే నడుస్తుంది. కానీ రెండో సెట్టుకు చట్టం అక్కర్లేదు. పై తరగతికి వెళ్లిన పిల్లలు పాత పుస్తకాలు ఇస్తారు, లేదా కోఠిలోనో విజయవాడలోనో పాత పుస్తకాల దుకాణాల్లో సగం ధరకు దొరుకుతాయి. ఒక సెట్టు బళ్లో, ఒకటి ఇంట్లో ఉంటే సంచీలో మోయాల్సింది, పారేసుకోవాల్సింది రెండూ సగమవుతాయి.

ఏ ఏర్పాటైనా మొదటి వారం అద్భుతంగా నడుస్తుంది. మూడో వారానికి రంగు టేపులు ఊడిపోతాయి, ఫొటో ఎవరికీ కనిపించదు. కొత్తదనం పోయిందంతే, పద్ధతి విఫలమైందని కాదు. టేపు రంగు మార్చాలి, ఫొటో కొత్తది తీయాలి, పాయింట్ల లెక్క క్యారమ్స్ నుంచి చెస్‌కు మారాలి. సాయం తగ్గించడం కూడా ఒక్కొక్క మెట్టే: ముందు అమ్మే చూసి సర్దుతుంది, తర్వాత పక్కన నిలబడుతుంది, ఆ తర్వాత గదిలోంచి "ఫొటో చూశావా?" అని మాత్రమే అడుగుతుంది. ఆర్నెల్లు పట్టినా ఫర్వాలేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది, చాలా పుస్తకాలు దాన్ని దాటవేస్తాయి. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు 70 నుంచి 80 శాతం ఉంటుంది. దాదాపు పొడవు, పొట్టి అంత. కొడుకు సంచీ సర్దడం నేర్పాల్సిన నాన్న రోజూ బండి తాళాల కోసం పది నిమిషాలు వెతుక్కునే మనిషి అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. చిన్నప్పుడు ఇంపొజిషన్లు రాసి రాసి చేతులు నొప్పెట్టినవాడే. అలాంటి ఇంట్లో పద్ధతి ఇద్దరికీ కలిపి పెట్టుకోవడమే సులువు. గుమ్మం దగ్గర సంచీకో కొక్కెం, తాళాలకో కొక్కెం. ఆదివారం సాయంత్రం హాల్లో పాత పేపరు పరిచి పిల్లవాడు సంచీ బోర్లించాడు: ఎండిన చపాతీ ముక్క, మూతలు లేని స్కెచ్ పెన్నులు మూడు, జులైలో రావాల్సిన పిక్నిక్ సర్క్యులర్, ఎవరిదో జామెట్రీ బాక్సు. ఆ పక్కనే నాన్న బండి డిక్కీలోవి తెచ్చి గుమ్మరించాడు. గడువు దాటిన కరెంటు బిల్లు బయటపడగానే ఇద్దరూ ఒకేసారి వంటింటి వైపు చూశారు.